సుమాక్ పొడి: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఆయుర్వేద వైద్యం చేస్తున్న నన్ను ఈ మధ్య చాలామంది సుమాక్ గురించి అడుగుతున్నారు. గల్ఫ్ నుంచి వచ్చిన బంధువులు ఇచ్చిన పొట్లమో, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న సీసానో ముందు పెట్టి, ఇది తినవచ్చా, దీనితో షుగరు తగ్గుతుందా అంటున్నారు. మధ్యధరా తీరంలోను, పశ్చిమాసియాలోను పెరిగే రూస్ కోరియేరియా అనే పొద కాయలను ఎండబెట్టి దంచితే వచ్చే పుల్లని పొడి ఇది. మామిడి, జీడిమామిడి, పిస్తాలది ఏ కుటుంబమో దీనిదీ అదే కుటుంబం.

అపోహ: సుమాక్ విషపు మొక్క.

వాస్తవం: ఈ భయానికి కారణం ఉత్తర అమెరికా చిత్తడి నేలల్లో పెరిగే మరొక మొక్క. టాక్సికోడెండ్రాన్ వెర్నిక్స్ అనే ఆ మొక్కను అక్కడివారు విషపు సుమాక్ అంటారు. దాని కాయలు తెల్లగా ఉండి కిందికి వేలాడతాయి. వంటలో వాడే సుమాక్ కాయలు ఎర్రగా, గుత్తులుగా, నిటారుగా కాస్తాయి. విషపు సుమాక్ జిగురులోని ఉరుషియోల్ అనే పదార్థం చర్మాన్ని పొక్కిస్తుంది. అటువంటి గుణం మనకు కొత్తేమీ కాదు. మామిడి కోతల కాలంలో కూలీల ముంజేతుల మీద సొన చిమ్మిన చోట నల్లగా కమిలి, ఆ తరువాత పొక్కులు లేవడం చిత్తూరు జిల్లాలో ఏటా చూసేదే. ఇదే కుటుంబానికి చెందిన నల్లజీడిని శుద్ధి చేయనిదే ఆయుర్వేదంలో మందుగా వాడకపోవడానికీ అదే కారణం. వంట సుమాక్‌తో ఆ బాధ లేదు గాని, జీడిపప్పో పిస్తానో తింటే దద్దుర్లు, ఆయాసం వచ్చేవారు మాత్రం దీని జోలికి పోకూడదు.

దక్షిణ భారతదేశపు మెట్ట అడవుల్లో ఇదే వర్గానికి చెందిన ముళ్లపొద ఒకటి పెరుగుతుందని విని, శేషాచలం నుంచి కాయలు తెచ్చుకోవచ్చా అని అడిగేవారున్నారు. అది వేరే జాతి. దానిని సుమాక్‌గా వాడకూడదు.

అపోహ: చింతపండుకు బదులుగా దీనిని పులుసులో వేసుకోవచ్చు.

వాస్తవం: చింతపండు పులుపులో ప్రధానమైనది టార్టారిక్ ఆమ్లం, సుమాక్‌లో మాలిక్ ఆమ్లం. సుమాక్‌కు పులుపుతో పాటు వగరు కూడా ఉంటుంది, పులుసులో వేసి బాగా మరిగిస్తే ఆ వగరే మిగిలి నోరు పట్టేస్తుంది. అందుకే ఇరాన్‌లో దీనిని కాల్చిన కబాబుల మీద, అన్నం మీద చల్లుకుంటారు. లెబనాన్‌లో ఫత్తూష్ అనే పచ్చి కూరల మిశ్రమంలో కలుపుతారు. మన ఇంట్లో దీనికి తగిన చోటు రాగిసంగటి, నాటుకోడి కూర పక్కన పెట్టుకునే ఉల్లిపాయ ముక్కలు. వాటి మీద అర చెంచా సుమాక్, కాస్త ఉప్పు చల్లి చేత్తో నలిపి, పది నిమిషాలు ఆగితే ముక్కలు గులాబీ రంగుకు తిరిగి, ఘాటు తగ్గి, కమ్మని పులుపు పడతాయి. గుగ్గిళ్ల మీద, పెరుగు పచ్చడిలో కూడా ఇది చక్కగా ఇముడుతుంది.

అపోహ: ఇది షుగరుకు, కొలెస్ట్రాల్‌కు మందు.

వాస్తవం: ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే. ఇరాన్‌లో మధుమేహ రోగుల మీద, రోజుకు 3 గ్రాముల చొప్పున 3 నెలలు ఇచ్చి చేసిన పరీక్షల్లో రక్తంలో చక్కెర కొంత తగ్గిన మాట నిజం. అయితే అవి కొద్దిమంది మీద జరిగిన పరీక్షలు, అన్ని పరీక్షల ఫలితాలూ ఒకే తీరుగా లేవు, పైగా ఆ రోగులు తమ మాత్రలను మానలేదు. మాత్రలు మానేసి ఈ పొడిని నమ్ముకోవడం ప్రమాదకరం. మాత్రలతో పాటు రోజూ చెంచాల కొద్దీ తిన్నా చక్కెర మరీ పడిపోయే అవకాశం ఉంటుంది కనుక, వైద్యునికి చెప్పకుండా అలా చేయకూడదు.

యునానీ వైద్యంలో సుమాక్‌కు పాత స్థానమే ఉంది. విరేచనాలను కట్టడానికి, చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే పుక్కిలించడానికి దీనిని వాడుతూ వచ్చారు. ఇందులో మెండుగా ఉండే టానిన్లే, అంటే వగరునిచ్చే పదార్థాలే, ఇందుకు ఆధారం. ఆయుర్వేద పరిభాషలో చెప్పాలంటే ఇది కషాయ రస (వగరు రుచి) గుణం, గ్రాహి (విరేచనాలను కట్టే) కర్మ. ఈ మొక్క ఆకులతో సిసిలీలో తోళ్లు పదును చేసిందీ ఆ టానిన్ల బలంతోనే. అవే టానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. కాబట్టి రక్తహీనత ఉన్నవారు, ముఖ్యంగా ఐరన్ మాత్రలు వేసుకునే గర్భిణులు, మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం పాటించాలి. మలబద్ధకం ఉన్నవారికి నేను దీనిని అసలు సూచించను.

అపోహ: ఎంత ఎర్రగా ఉంటే అంత అసలైనది.

వాస్తవం: మంచి సుమాక్ ముదురు ఇటుక రంగులో, కొంచెం బరకగా, వేళ్ల మధ్య నలిపితే కాస్త తేమగా తగులుతుంది. కారంపొడిలా మిలమిలలాడే ఎరుపు కనిపిస్తే రంగు కలిపారేమో అని అనుమానించాలి. చిటికెడు పొడిని నీళ్లలో వేసి కొంచెం వంటసోడా కలిపి చూడండి. సహజమైన ఎరుపు నిలవదు, మసకబారి వేరే రంగుకు తిరుగుతుంది. ఎరుపు చెక్కు చెదరకపోతే ఆ పొడిని వాడవద్దు. అన్ని కల్తీలూ ఈ పరీక్షకు దొరకవు. చాలామంది తయారీదారులు ఇందులో ఉప్పు కలుపుతారు కనుక, రక్తపోటు ఉన్నవారు సీసా మీద రాసిన పదార్థాల పట్టికను చదివిన తరువాతే కొనాలి.