రింజానీ ఒంటరిగా ఎక్కొచ్చా? ఈ లొల్లి ఎక్కడ మొదలైంది

భువనగిరి, నల్గొండ వైపు ట్రెక్కింగ్ గ్రూపుల్లో మళ్లీ అదే లొల్లి. ఇండోనేషియా పోతున్నా, రింజానీ అగ్నిపర్వతం ఒక్కడినే ఎక్కుతా అని ఒకరంటారు, నీకేమన్నా పిచ్చా అని ఇంకొకరు. ఇప్పటి గొడవకు మూలం 2025 జూన్ 21.

ఆ రోజు తెల్లవారకముందే లాంబోక్ దీవిలోని రింజానీ శిఖరం (3,726 మీటర్లు) వైపు వెళ్తున్న బృందంలో బ్రెజిల్ యువతి ఒకామె అలసిపోయి వెనకబడింది, ఆ తర్వాత లోయలోకి జారిపోయింది. గైడు ఉన్నాడు, తోటివాళ్లున్నారు, పడేటప్పుడు మాత్రం పక్కన ఎవరూ లేరు. కొద్ది నిమిషాల దూరంలోనే ఆగానని గైడు చెప్పుకున్నాడు. కుటుంబం ఒప్పుకోలేదు. నడవలేకపోతున్న మనిషిని అలాంటి చోట వదిలి ముందుకు పోవడమేంటని, పడ్డాక సాయం అందడానికి అన్ని రోజులెందుకు పట్టిందని నిలదీసింది. మొదట డ్రోన్ వీడియోలో ఆమె కదులుతూ కనిపించింది, తర్వాత ఇంకా కిందికి జారింది. పొగమంచు, వదులు నేల అడ్డుపడి రక్షకులు జూన్ 24, మంగళవారానికి గానీ చేరుకోలేకపోయారు. సుమారు 600 మీటర్ల లోతులో దొరికిన ఆమె అప్పటికే చనిపోయింది.

మన గుట్టల అలవాటుతో అక్కడికి పోతే దెబ్బతింటాం. భువనగిరి గుట్ట ఏకశిల గ్రానైట్, బూటు పెడితే పట్టు దొరుకుతుంది. రింజానీ పైభాగమంతా బూడిద, వదులు రాళ్లు, రెండడుగులు వేస్తే ఒకడుగు వెనక్కి జారుతుంది. కొన్ని అగ్నిపర్వతాల మీద పల్లపు చోట్ల కార్బన్ డయాక్సైడ్ చేరుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు, అది పీల్చి కూలబడితే బయటికి లాగడానికి ఇంకో మనిషి కావాలి.

గుంపుగా పోయినా చస్తారు కదా అని ఒంటరివాళ్లు జపాన్‌లోని ఒంటాకే అగ్నిపర్వతాన్ని ముందుకు తెస్తారు. నిజమే, 2014 సెప్టెంబర్‌లో హెచ్చరిక అత్యల్ప స్థాయిలో ఉండగానే అది పేలి, చనిపోయినవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి 63 మంది. కానీ రింజానీ ఆ రోజు పేలలేదు, ఆమె వెనకబడి జారిపోయింది.

గైడు ఉండి ఏం లాభమైందన్న ప్రశ్నకు మాత్రం బలముంది. అయినా ఆమె పడిందని కొండ మీద కొందరికైనా కాసేపట్లో తెలిసింది, ఒంటరిగా పోయినోడికి ఆ మాత్రం కూడా ఉండదు. డబ్బు కట్టే ముందు ఏజెన్సీని అడగాల్సింది ఒకటే, అందరికంటే వెనక నడిచేది ఎవరని. దానికి సరైన జవాబు రాకపోతే గైడు ఉన్నా లేనట్టే.