మోగని చెయ్యి

మృదంగం నేర్చుకుంటున్నవాళ్ళు జావా గామెలాన్ (ఇండోనేషియాలోని జావా దీవి సంప్రదాయ వాద్యబృందం) వింటే తరచుగా వచ్చే సందేహం ఇది: ఆ బృందపు డోలు కెండాంగ్ మూతి మీద మృదంగానికి ఉండే నల్లటి కరణి లేదు, ఎడమ వైపు రవ్వముద్ద లేదు, ఉన్నది ఉత్త తోలు. మరి అన్ని రకాల శబ్దాలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? జవాబులో సగం కొట్టే చేతిలో ఉంది. మిగతా సగం ఊరకే ఆనించి ఉంచే రెండో చేతిలో ఉంది.

వాద్యం గురించి క్లుప్తంగా చెప్పుకుందాం. పనస చెక్కను తొలిచిన డోలు, ఒక మూతి పెద్దది, ఇంకోటి చిన్నది. చిన్న పీట మీద అడ్డంగా పెడతారు, పెద్ద మూతి కుడి చేతి వైపు. అన్నిటికంటే పెద్దది కెండాంగ్ అగెంగ్, నాట్యానికి వాయించే మధ్యరకం చిబ్లొన్, బుల్లిది కెటిపుంగ్. తడి గాలికి తోలు వదులైతే వార్ల మీది ఉంగరాలు జరిపి బిగిస్తారు.

దెబ్బలకు నోటి పేర్లున్నాయి: తక్, టుంగ్, డాహ్, కెట్. వీటిని చేతికంటే ముందు నోటికి ఎక్కించాలి. ఇక్కడ తెలుగువాళ్ళకు ఒక వెసులుబాటు ఉంది. జావా భాషలో త, ట వేరు. ద, డ వేరు. రోమన్ లిపిలో ఆ తేడా చూపడానికి పక్కన హెచ్ తగిలిస్తారు. దాన్ని చూసి మనవాళ్ళు ‘ధాహ్’, ‘థుంగ్’ అని ఒత్తి పలుకుతారు. అక్కర్లేదు, అది ఒత్తు కాదు. మన ట, డలే.

ఇప్పుడు అసలు సంగతి. బిగించిన తోలు ఒకే తీరున కదలదు. మొదటి తీరులో తోలంతా ఒక్కసారే లేచి దిగుతుంది, ఉడుకుతున్న అన్నం గిన్నె మీది మూతలా. రెండో తీరు తక్కెడలాంటిది: ఒక సగం లేస్తే రెండో సగం దిగుతుంది, నడిమి గీత కదలదు. గణితం ఊహించుకునే ఆదర్శ తోలుకైతే మొదటిదాని పౌనఃపున్యం 1 అనుకుంటే రెండోది 1.59, ఆ తర్వాతివి 2.14, 2.30. ఇవి పూర్ణాంకాలు కావు కాబట్టి ఉత్త తోలు తంబురా తీగలా శ్రుతిగా పలకదు. మృదంగంలో కరణి బరువు ఈ నిష్పత్తులనే సవరిస్తుంది. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ ఆ సంగతి గురించి 1920లోనే రాశారు. కెండాంగ్ వాదకుడికి ఆ సాయం లేదు. ఏ కదలికను లేపాలో, దేన్ని నొక్కెయ్యాలో వేళ్ళతోనే తేల్చుకోవాలి.

తక్కెడ ముల్లు దగ్గర ఎంత నొక్కినా తట్టలు ఊగవు. అలాగే తోలు నడిమధ్యన కొడితే తక్కెడ కదలిక లేవదు. అందుకే డాహ్ కోసం కుడిచేతి వేళ్ళు జోడించి పెద్ద మూతి నడిమికి దగ్గరగా కొడతారు. తోలు మొత్తం గాలిని ఒక్క తోపు తోస్తుంది, శక్తి చప్పున ఖర్చయిపోతుంది. శబ్దం బరువుగా, పొట్టిగా ఉంటుంది. టుంగ్‌కు చూపుడు వేలు అదే మూతి అంచు దగ్గర తగలాలి. అప్పుడు తక్కెడ కదలిక బలంగా లేస్తుంది. ఒక పక్క గాలిని తోస్తుంటే మరో పక్క లాగుతుంది కనుక శక్తి నెమ్మదిగా తరుగుతుంది, మోత నిలుస్తుంది.

కొత్తవాళ్ళ టుంగ్ ‘టుబ్’ అని చచ్చిపోతుంది. బలం చాలలేదనుకుని ఇంకా గట్టిగా కొడతారు, ఇంకా చెడుతుంది. శబ్దం 200 హెర్ట్జ్ అనుకుంటే ఒక ఊపుకు పట్టే సమయం 5 మిల్లీసెకన్లు. అందులో సగంలోపే వేలు పైకి లేవాలి, లేకపోతే తను లేపిన కదలికను తనే అణిచేస్తుంది. కాలిన పెనాన్ని తాకి చూసే వేలు ఎలా వెనక్కొస్తుందో అలా రావాలి.

తక్ దీనికి తలకిందులు. ఎడమ చెయ్యి చిన్న మూతి మీద చెంపదెబ్బలా పడి అక్కడే ఉంటుంది. ఆ సమయంలో కుడి చెయ్యి పెద్ద మూతిని ఆని ఉండాలి. లోపల మూసుకుపోయిన గాలి స్ప్రింగులా పనిచేస్తుంది, ఒక తోలును నొక్కితే రెండోది ఉబ్బుతుంది. కుడి చెయ్యి మరిచిపోయి గాల్లో ఉంచితే తక్ వెనకాల ‘ఊం’ అని తోక వస్తుంది. ఇదే కారణంతో చిన్న మూతిని అదిమితే డాహ్ స్వభావం బాగా మారుతుంది, టుంగ్ మాత్రం అంతగా మారదు. తక్కెడ కదలికలో లోపలి గాలి పరిమాణం మారదు కదా. పశ్చిమ జావాలోని సుండా వాదకులు ఇంకో అడుగు ముందుకెళ్ళి కాలి మడమతో తోలును నొక్కి బిగువు మారుస్తూ స్వరాన్ని పైకీ కిందికీ జార్చుతారు. పౌనఃపున్యం బిగువు వర్గమూలంతో పెరుగుతుంది కాబట్టి ఒక అర్ధస్వరం, అంటే దాదాపు 6 శాతం ఎక్కాలంటే బిగువు 12 శాతం పెరగాలి.

అన్నట్టు, గామెలాన్ వాద్యాలను దాటకూడదని జావాలో గట్టి నియమం, పుస్తకానికి కాలు తగిలితే మనం కళ్ళకద్దుకున్నట్టే. భక్తి సంగతి ఎలా ఉన్నా, నేల మీద పరిచి ఉన్న వాద్యాల మధ్య నడిచేటప్పుడు అది పనికొచ్చే నియమమే.

ఇక కెట్. వినిపించీ వినిపించని మెత్తటి తాకిడి. చాలామంది దీన్ని వదిలేస్తారు, తాళం తప్పేది అక్కడే. బృందం నడక కెండాంగ్ చేతిలోనే ఉంటుంది. నడక నెమ్మదించి సగానికి దిగినప్పుడు పెకింగ్ అనే సన్నటి లోహ వాద్యం తన దెబ్బలను రెట్టింపు చేసుకుంటుంది: పాట మూల వరుసలోని ఒక్కో స్వరానికి 2 వాయించేవాడు 4కు, 4 వాయించేవాడు 8కి మారతాడు. పెకింగ్ తన వేగాన్ని దాదాపు అలాగే ఉంచుకుంటే, ఆ మూల స్వరాలు దూరందూరంగా జరుగుతాయి. ఈ దింపుడులో మోగే దెబ్బలు అరుదైపోతాయి. వాటి మధ్య ఖాళీని కెట్‌లతో నింపుతూ ఒక్కో ఎడాన్ని కొంచెం కొంచెంగా సాగదియ్యాలి. ఒక్కసారిగా లాగితే పెకింగ్ వాదకుడికి 4లో ఉండాలో 8కి మారాలో తెలియదు, సగం బృందం పాత నడకలో, సగం కొత్త నడకలో పడుతుంది. అలాంటప్పుడు గట్టిగా డాహ్ కొట్టినా లాభం లేదు. కెట్ స్థిరంగా ఉంచుకుంటూ ఆవర్తనం ముగింపున మోగే పెద్ద గంట, గాంగ్, మళ్ళీ మోగేదాకా ఓపిక పట్టడమే.