నోటీసు బోర్డు మీద దినాలు, ఇంట్లో పనులు

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో మీరు అడిగారు కదా: "అమ్మమ్మా, సెప్టెంబరు వచ్చిందంటే మా బళ్లో వారానికో ర్యాలీ. ఒకసారి పోషణ అంటరు, ఒకసారి గుండె అంటరు, ఇంకోసారి కుక్కలు అంటరు. ఇవన్నీ ఎవరు పెడతరు? ఎందుకు పెడతరు?" అని. అది ఫోన్‌లో తేలే ముచ్చట కాదు. పరకాల చుట్టుపక్కల ఊళ్లలో ఏఎన్ఎంగా, అంటే సర్కారు ఆరోగ్య కార్యకర్తగా, తిరిగినదాన్ని కాబట్టి, ఈ దినాలు చాలావరకు నా చేతుల మీదుగానే గడిచాయి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఉత్తరం పెద్దదే. అంతా ఒక్క పూటలో చదవాలని ఏమీ లేదు.

ముందు లెక్క చెప్తాను. ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 దాకా నేత్రదాన పక్షోత్సవాలు. సెప్టెంబరు మొదటి ఏడు రోజులు పోషకాహార వారం. 10న ఆత్మహత్యల నివారణ దినం, 21న మతిమరుపు జబ్బు అల్జీమర్స్ దినం, 28న కుక్క కాటుతో వచ్చే జబ్బు రేబిస్, 29న గుండె. అక్టోబరు 1న రక్తదానం, 10న మానసిక ఆరోగ్యం, రెండో గురువారం కంటి చూపు, 15న చేతులు కడుక్కోవడం, 24న పోలియో. ఇవి కాక అక్టోబరు నెలంతా రొమ్ము క్యాన్సర్ అవగాహనకు. పంచాంగంలో తిథులకన్నా ఇవే ఎక్కువ కనిపిస్తాయి. కొన్నింటిని ప్రపంచ ఆరోగ్య సంస్థ లాంటివాళ్లు పెట్టారు, కొన్నింటిని మన ప్రభుత్వం పెట్టింది, కొన్నింటిని ఆ జబ్బు మీద పనిచేసే సంఘాలు మొదలుపెట్టాయి.

నా మట్టుకు నాకు వీటిలో సగం ఫొటోతోనే అయిపోతాయి. బ్యానర్ పట్టుకుంటారు, ఎండలో పిల్లలను నిలబెడతారు, ఫొటో దిగుతారు, బ్యానర్ చుట్టి బీరువాలో పెడతారు. ఆ రోజు ఎవరో ఒకరు గడప ఎక్కి పని చేస్తేనే ఆ దినానికి విలువ. అట్లా చేస్తే ఏమవుతుందో చూడాలంటే పోలియోను చూడండి.

మన దేశంలో పల్స్ పోలియో 1995లో మొదలైంది. చుక్కల మందు పెట్టెను భుజానికి వేసుకుని, దాంట్లో గడ్డకట్టిన ఐసు ప్యాకులు పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. మందు సీసా మీద చిన్న గుండ్రటి మచ్చ ఉంటుంది, దాని నడుమ తెల్లటి చదరం. మందుకు వేడి తగిలిన కొద్దీ ఆ చదరం నల్లబడుతుంది. చుట్టూ ఉన్న రంగూ లోపలి రంగూ ఒక్కటైతే ఆ సీసా పారేయాల్సిందే. చుక్కలు వేశాక పిల్లల ఎడమ చేతి చిటికెన వేలి గోరు మీద ఇంకు గీత పెట్టేవాళ్లం. గోడ మీద సుద్దముక్కతో రాసేవాళ్లం. అందరు పిల్లలకూ పడితే 'పి', ఒక్క పిల్లవాడు మిగిలినా, ఇంటికి తాళం ఉన్నా 'ఎక్స్'. ఎక్స్ రాసిన ఇంటికి మళ్లీ పోవాలి. పత్తి ఏరడానికి పోయిన తల్లిని వెతుక్కుంటూ చేన్ల గట్ల మీద నడిచిన రోజులు చాలానే ఉన్నాయి. దేశంలో సహజంగా వ్యాపించే పోలియో వైరస్‌తో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో వచ్చింది. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. మీ తరగతిలో కాలీడ్చుకుంటూ నడిచే పిల్ల లేదంటే, అది గోడ మీద ఎక్స్ చూసి రెండోసారి ఎక్కిన గడపల వల్ల.

ఇప్పుడు పోషణ సంగతి. పోషకాహార వారం 1982 నుంచి ఉంది. 2018 నుంచి పోషణ మాసం కూడా వచ్చి కలిసింది. మనకు ఇది సరిగ్గా బతుకమ్మ ముందర పడుతుంది. బళ్లో చార్టు మీద గుడ్డు, పాలు, ఆకుకూర బొమ్మలు అతికిస్తారు. నాకైతే చార్టు కన్నా బతుకమ్మ నైవేద్యాలే మంచి పాఠం అనిపిస్తుంది. వేయిస్తంభాల గుడి దగ్గర మొదటి రోజు, ఎంగిలిపూల నాడు ఆడి వచ్చాక మీ చేతిలో ఏం పెడతారో గుర్తు తెచ్చుకోండి. నువ్వులు, బియ్యప్పిండి. మూడో నాడు ముద్దపప్పు, పాలు, బెల్లం. నాలుగో నాడు నానబియ్యం. వెన్నముద్దల నాడు మళ్లీ నువ్వులు, వెన్న, బెల్లం. చివరి రోజు, సద్దుల నాడు నువ్వులన్నం, పెరుగన్నం, పులిహోర, పల్లీల సత్తుపిండి, రొట్టె నలిచి బెల్లం కలిపిన మలీద.

దీంట్లో ఒక కిటుకు ఉంది. మన ఒంట్లో కండ పెరగాలంటే ప్రొటీన్ కావాలి, ఆ ప్రొటీన్ రకరకాల ముక్కలతో తయారవుతుంది. బియ్యంలో లైసిన్ అనే ముక్క తక్కువ. పప్పులో అది దండిగా ఉంటుంది. పప్పులో మెథియోనిన్ అనే ఇంకో ముక్క తక్కువ, నువ్వుల్లో అది బాగా ఉంటుంది. బియ్యం, పప్పు, నువ్వులు ఒకే రోజు కడుపులో పడితే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. ఇట్లాంటి సంగతులు తేల్చే జాతీయ పోషకాహార సంస్థ మన హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. 1918లో తమిళనాడు కూనూరులో బెరిబెరి జబ్బు ఎందుకొస్తుందో చూడడానికి చిన్నగా మొదలై, 1958లో ఇటు వచ్చింది. బియ్యాన్ని తెల్లగా మెరిసేదాకా పాలిష్ పట్టిస్తే తవుడుతో పాటు బి1 విటమిన్ పోతుంది, అది లేకనే బెరిబెరి. మీ అమ్మకు తెల్లన్నం మోజు ఎక్కువ, ఈ పేరా చదివి వినిపించండి.

అయితే తొమ్మిది రోజులు సత్తుపిండి తింటే ఏడాదంతా రక్తం పట్టదు. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన తెలంగాణలో అయిదేళ్ల లోపు పిల్లల్లో వందకు 70 మందికి రక్తహీనత ఉందని తేలింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో వందకు దాదాపు 58 మందికి. మీరే చూసుకోవచ్చు. అద్దం ముందు నిలబడి కంటి కింది రెప్పను కొంచెం కిందికి లాగండి. లోపల ఎర్రగా ఉండాలి. పాలిపోయి తెల్లగా ఉంటే ఏఎన్ఎంకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.

బళ్లో వారానికోసారి ఇచ్చే ఐరన్ బిళ్లలు అందుకే. చిన్నవాళ్లకు గులాబీ రంగువి, పదేళ్లు దాటినవాళ్లకు నీలం రంగువి. వాటిని జేబులో వేసుకుని ప్రహరీ అవతలికి విసిరేసే మహానుభావులు మీ బళ్లోనూ ఉంటారు, నాకు తెలుసు. కడుపులో తిప్పుతుందని భయం. ఖాళీ కడుపున వేసుకుంటే తిప్పుతుంది, అన్నం తిన్నాక వేసుకుంటే చాలామందికి ఏమీ కాదు. మరునాడు దొడ్డికి నల్లగా వస్తే కంగారు పడొద్దు, అది ఒంటికి పట్టగా మిగిలిన ఇనుమే. బిళ్ల వేసుకున్న వెంటనే చాయ్ తాగితే మాత్రం సగం దండగ, చాయ్ ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఎక్కువ పడుతుంది. ఆగస్టులో ఇచ్చే నులిపురుగుల బిళ్ల కూడా ఈ లెక్కలోదే. కొంకి పురుగు చెప్పుల్లేని కాళ్ల నుంచి ఎక్కి, పేగుల్లో కూర్చుని రక్తం పీలుస్తుంది. ఆ బిళ్లను మింగొద్దు, నమలాలి.

మిగతావి తొందరగా చెప్పేస్తా. నేత్రదానం అంటే మొత్తం కనుగుడ్డు తీసి ఇంకొకరికి పెట్టడం కాదు, ముందుండే పారదర్శకమైన పొర కార్నియాను మార్చడం. మనిషి పోయిన ఆరు గంటల లోపు కబురు చేయాలి. అద్దాలు పెట్టుకునే ముసలివాళ్లవీ పనికొస్తాయి, నావి కూడా. గుండె దినం నాడు పెద్దవాళ్లకు బీపీ చూస్తారు, తాతను తోలుకపోండి. అక్టోబరులో గులాబీ రిబ్బన్ల సంగతికొస్తే, ఇది మగపిల్లలు కూడా తెలుసుకోవాల్సిందే. రొమ్ములో గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు. నొప్పి లేదు కదా అని మన ఆడవాళ్లు ఎవరికీ చెప్పరు, సిగ్గుపడతారు, చివరికి దవాఖానకు వచ్చేసరికి ముదిరిపోతుంది. 30 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు సబ్‌సెంటర్ (ఊళ్లోని ఆరోగ్య ఉపకేంద్రం) పరిధిలోనే ఈ పరీక్ష చేయాలని ప్రభుత్వ కార్యక్రమమే ఉంది. "చేయించుకున్నవా అమ్మా?" అని ఒక్కసారి అడిగితే మీ పని అయిపోయినట్టే.

డెంగీకి ఈ నెలల్లో దినం లేదు. జాతీయ డెంగీ దినం మే 16న. వానలకు ముందే మేల్కొనాలని అట్లా పెట్టారు గానీ, మే ఎండల్లో దోమ ఎవరికి గుర్తుంటుంది? జ్వరాలు మాత్రం ఇప్పుడే, చెరువులు నిండాకనే వస్తాయి. డెంగీ దోమ కాళ్ల మీద తెల్ల చారలుంటాయి. పగటి పూట కుడుతుంది. మురికి కాలువలో కాదు, మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. గోలెం, కూలరు, డాబా మీద పాత టైరు, ఫ్రిజ్ వెనక డబ్బా దానికి చాలు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది, కాబట్టి వారానికోసారి నీళ్లు పారబోస్తే మధ్యలోనే చస్తుంది. మన దగ్గర శుక్రవారం డ్రై డే అనేది అందుకే. పారబోస్తే సరిపోదు, గోలెం లోపలి అంచును పీచుతో రుద్దాలి. గుడ్లు అంచుకు అంటుకుని నెలల తరబడి ఎండిపోయి కూడా బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగిలితే పిల్లలవుతాయి.

సెప్టెంబరు 10, అక్టోబరు 10 రెండూ మనసుకు సంబంధించినవే. మార్కుల టెన్షన్, ఇంట్లో గొడవలు, ఎవరైనా ఏడిపించడం, ఇవి లోపలే పెట్టుకోవద్దు. మీ దోస్తు ఒకడు అన్నం మానేసి, ఎవరితోనూ మాట్లాడక, "నేను లేకుంటేనే మంచిగుంటది" అన్నాడనుకోండి, నవ్వులాటకు తీసుకోవద్దు. "చచ్చిపోవాలనిపిస్తుందా?" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడిగినందుకు గుండె బరువు దిగి చెప్పేవాళ్లే ఎక్కువ. వాణ్ని ఒంటరిగా వదలకుండా పెద్దవాళ్లకు చెప్పాలి. 14416 అని ఒక నంబరు ఉంది, టెలీ మానస్, 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రి పగలు ఎప్పుడైనా, తెలుగులో, పైసా ఖర్చు లేకుండా మాట్లాడొచ్చు. అది పిచ్చివాళ్లకు అని ఎవరైనా అంటే, వాళ్లకు నా నంబరు ఇవ్వండి, నేను చెప్తాను.

ఇక కుక్కలు. సెప్టెంబరు 28న మీకు దసరా సెలవులు రావచ్చు, అప్పుడు ర్యాలీ ఉండదు. గల్లీల్లో ఆడేది మాత్రం అప్పుడే కదా, అందుకే దీన్ని చివరికి ఉంచాను. రేబిస్‌కు టీకా కనిపెట్టిన లూయీ పాశ్చర్ 1895లో ఆ తేదీనే చనిపోయాడు. రేబిస్ దినం 2007లో మొదలైంది, ఇప్పుడు ఏటా ఆ తేదీనే జరుపుతున్నారు. 1885 జులైలో జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాణ్ని పిచ్చికుక్క కరిస్తే, వాళ్లమ్మ పారిస్ తోలుకొచ్చింది. పాశ్చర్ అప్పటిదాకా ఆ మందును ఎక్కువగా జంతువుల మీదే చూశాడు. పిల్లవాడు బతికాడు. మీ ఈడు పిల్లవాడితోనే ఈ కథ మొదలవడం వింతేమీ కాదు. అనుమానమున్న జంతువులు కరిచినవాళ్లలో వందకు 40 మంది 15 ఏళ్ల లోపు పిల్లలే.

కరిచిన వెంటనే చేయాల్సింది ఒకటే. నల్లా కింద పెట్టి, సబ్బు రుద్దుతూ, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. చూస్తే చాలా సేపు అనిపిస్తుంది, గడియారం పెట్టుకోండి. ఆ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని చీలుస్తుంది. పసుపు, కారం, సున్నం, చాయ్ పొడి, పసరు ఏవీ పెట్టొద్దు, గట్టిగా కట్టు కట్టొద్దు. తర్వాత నేరుగా పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) గానీ వరంగల్ ఎంజీఎం పెద్ద దవాఖానకు గానీ పోవాలి. గీరుకున్నా, పుండు మీద నాకినా పోవాల్సిందే. రక్తం కారేంత లోతుగా పడితే ఆ గాయం చుట్టూనే ఇంకో మందు, ఇమ్యునోగ్లోబులిన్, ఎక్కిస్తారు.

పిల్లలు కుక్క కరిచింది దాచిపెడతారు, రెండు భయాలతో. ఒకటి అమ్మ తిడుతుందని. తిడితే తిట్టనివ్వండి. రెండోది బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని. అవి మా కాలం సూదులు, మన దేశంలో ఆ మందే ఎప్పుడో ఆపేశారు. ఇప్పుడు భుజానికి, చర్మం పొరలోనే, రెండు చేతులకూ చిన్న చిన్న చుక్కలంత మందు. చీమ కుట్టినట్టు ఉంటుంది. జబ్బు మాత్రం లోపల ఒకటి నుంచి మూడు నెలలు చప్పుడు లేకుండా ఉండొచ్చు. నీళ్లు చూస్తే గొంతు పట్టేయడం మొదలయ్యాక ఏ దవాఖానలోనూ దానికి మందు లేదు.

సూదులు మొదటి రోజు, తర్వాత మూడో రోజు, ఏడో రోజు, 28వ రోజు. మొదటి రోజును సున్నాగా లెక్కపెడతారు, అక్కడ చాలామంది తికమక పడతారు. మూడు అయ్యేసరికి గాయం మానుతుంది, నాలుగోది బతుకమ్మ, దసరా సందట్లో ఎగిరిపోతుంది. దవాఖానలో ఇచ్చే చీటీని అమ్మ ఫోన్‌లో ఫొటో తీయించి పెట్టండి. సెలవులకు ఇక్కడికి వచ్చినప్పుడు తారీఖు పడితే, మన పీహెచ్‌సీలో చీటీ చూపిస్తే వేస్తారు.

మీ అమ్మమ్మ