చాకలి సోడాలో పసుపు ఎందుకు ఎర్రబడుతుంది?

పిల్లలూ,

మొన్న వచ్చినప్పుడు మీ కెమిస్ట్రీ నోట్సు తిరగేశాను. "బలహీన ఆమ్లానికి కాంజుగేట్ క్షారం బలమైనది" అని ఇద్దరూ రాసుకున్నారు. ఇంటర్‌లో పాఠం చెప్పినన్నాళ్లూ ఈ వాక్యాన్ని ఎన్ని పేపర్లలో దిద్దానో! అందుకే ఈ ఉత్తరం.

ముందు వంటింట్లోకి వెళ్లండి. మూడు గిన్నెల్లో నీళ్లు పోసి ఒకదాంట్లో ఉప్పు, ఇంకోదాంట్లో వంటసోడా, మూడోదాంట్లో చాకలి సోడా ఒక్కో చెంచా కలపండి. చాకలి సోడాను చేత్తో ముట్టుకోవద్దు. అన్నింట్లో చిటికెడు పసుపు వేయండి. ఉప్పునీళ్లలో రంగు మారదు. వంటసోడాలో మారీ మారనట్టుంటుంది. చాకలి సోడాలో మాత్రం పారాణిలా ఎర్రబడుతుంది. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది; పారాణిలో ఆ పని సున్నం చేస్తుంది.

ప్రోటాన్ (అంటే హైడ్రోజన్ అయాన్, H⁺) ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం అని 1923లో డెన్మార్క్‌లో బ్రాన్‌స్టెడ్, ఇంగ్లండ్‌లో లౌరీ ఎవరికి వారే చెప్పారు. ఇచ్చేశాక మిగిలేదే కాంజుగేట్ క్షారం. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఇచ్చేశాక మిగిలేది ఉప్పులోని క్లోరైడ్. నీళ్లలో అది ప్రోటాన్‌ను తిరిగి తీసుకోదు. కార్బోనిక్ ఆమ్లం ఇస్తే మిగిలేది వంటసోడాలోని బైకార్బొనేట్. అది కూడా ఇంకో ప్రోటాన్ ఇస్తే చాకలి సోడాలోని కార్బొనేట్. అసలే ఋణావేశం ఉన్న బైకార్బొనేట్ నుంచి ప్రోటాన్ ఊడిరావడం చాలా కష్టం. అందుకే కార్బొనేట్ దాన్ని తిరిగి లాక్కోవడానికి అంత తొందరపడుతుంది.

ఇప్పుడు మీ వాక్యం సంగతి. ఆమ్లం, క్షారం ఎంత బలమైనవో చెప్పే అంకెను స్థిరాంకం అంటారు. 25 డిగ్రీల దగ్గర నీళ్లలో ఆమ్లం స్థిరాంకాన్ని దాని కాంజుగేట్ క్షారం స్థిరాంకంతో గుణిస్తే 10⁻¹⁴ వస్తుంది. ఎసిటిక్ ఆమ్లానిది 1.8 × 10⁻⁵. భాగిస్తే ఎసిటేట్‌కు వచ్చేది 5.6 × 10⁻¹⁰. ఇదేం బలం? లీటరుకు 0.1 మోల్ సోడియం ఎసిటేట్ ఉంటే, పదివేల ఎసిటేట్లలో ఒక్కటి కూడా నీటి దగ్గర ప్రోటాన్ తీసుకోదు. ఆమ్లమూ బలహీనమే, క్షారమూ బలహీనమే! క్లోరైడ్ పక్కన పెడితేనే ఎసిటేట్ బలంగా కనిపిస్తుంది. పసుపును ఎర్రగా మార్చిన కార్బొనేట్ కూడా అదే గాఢతలో నూటికి నాలుగైదే ప్రోటాన్ తీసుకుంటుంది. నిజంగా బలమైన క్షారం కావాలంటే దాని ఆమ్లం నీటికన్నా బలహీనమై ఉండాలి. అమ్మోనియా ప్రోటాన్ పోగొట్టుకుంటే మిగిలే అమైడ్ అలాంటిది. నీళ్లు తగిలితే చాలు, పూర్తిగా ప్రోటాన్ లాగేసుకుంటుంది.

నోట్సులో "బలమైనది" కొట్టేసి "ఆమ్లం ఎంత బలహీనమైతే క్షారం అంత బలపడుతుంది" అని రాయండి.

అమ్మోనియా క్షార స్థిరాంకం కూడా 1.8 × 10⁻⁵. అది ప్రోటాన్ పుచ్చుకుంటే వచ్చే అమ్మోనియం ఎంత ఆమ్లమో, నవసాగరం (అమ్మోనియం క్లోరైడ్) కలిపిన నీళ్లు ఆమ్లం వైపా, క్షారం వైపా, ఎటు మొగ్గుతాయో లెక్క వేసి ఆదివారం ఫోన్‌లో చెప్పండి. గిన్నెల ఫొటో కూడా పంపండి.

మీ అమ్మమ్మ