ఇంకో చిన్న క్యాలిబర్ రైఫిల్ కొనాలా? కౌంటర్ దగ్గర వినే అపోహలు – వాస్తవాలు

కొలరాడోలో తుపాకులు రిపేరు చేయడం, బ్యారెళ్ళు మార్చడం నా పని. పొలాలు పాడుచేసే ప్రెయిరీ డాగ్‌ల (బొరియల్లో ఉండే ఉడత జాతి జంతువులు) మీద, నేల ఉడతల మీద, దూడల మీద పడే కయోటీల (నక్కలాంటి జంతువులు) మీద వాడే రైఫిళ్ళను ఇక్కడ వార్మింట్ రైఫిళ్ళంటారు. ఒకటో రెండో ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్ళే ఎక్కువగా వచ్చి "అన్నా, ఇంకొకటి తీసుకోనా?" అని అడుగుతుంటారు. ఆ ప్రశ్న వెనక ఉండే నమ్మకాల్లో సగం కేటలాగుల పుణ్యమే.

అపోహ: ".22కీ .22-250కీ మధ్య ఖాళీ ఉంది. ఒక్కో దూరానికి ఒక్కో క్యాలిబర్ ఉండాలి."

క్యాలిబర్ అంటే బులెట్ లావు, అంగుళాల్లో; .223, .22-250 లాంటివి తూటా రకాల పేర్లు. తూటా అంటే ఇత్తడి గొట్టం, అందులో మందు, పైన బులెట్. ఈ ఖాళీలు కాగితం మీద కనిపించినంత పెద్దవి కావు. 2002లో వచ్చిన .17 హెచ్‌ఎంఆర్ అనే రిమ్‌ఫైర్ (అడుగు అంచులోనే నిప్పురాజేసే మందుండే చిన్న తూటా) 17 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే పౌండులో 7,000వ వంతు) బులెట్‌ని సెకనుకు 2,550 అడుగుల వేగంతో వదులుతుంది. 200 గజాలు చేరేసరికి అది దాదాపు 1,400కి పడిపోతుంది. నూటయాభై గజాల లోపు నేల ఉడతలకు ఢోకా లేదు, కయోటీ మీద మాత్రం వాడొద్దు. ఆపైన 300 గజాల దాకా .223 రెమింగ్టన్ నిశ్చింతగా పనిచేస్తుంది. ఇంకా దూరమైతే .22-250 ఉంది. మీ దగ్గర ఒక రిమ్‌ఫైర్, ఒక .223 ఉంటే పని గడిచిపోతున్నట్టే. ఆ పక్కన .204 రూగర్ చేరిస్తే బీరువాలో ఇంకో తుపాకీ, అల్మరాలో ఇంకో రకం తూటాల పెట్టెలు చేరతాయి. అది చేసే పనిలో ఎక్కువ భాగం .223 ముందునుంచే చేస్తోంది.

రెండో రైఫిల్ నిజంగా అక్కరకొచ్చే చోటు వేరే ఉంది. ప్రెయిరీ డాగ్‌ల కాలనీ ముందు కూర్చుంటే తూటాలు వరసగా అయిపోతుంటాయి. కాసేపటికే బ్యారెల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, గురి చెదురుతుంది, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ముందరి భాగం త్వరగా అరుగుతుంది. అనుభవమున్నవాళ్ళు అందుకే రెండు రైఫిళ్ళు తీసుకెళ్ళి, ఒకటి చల్లారేలోపు రెండోది వాడతారు. ఆ రెండూ ఒకే క్యాలిబర్ అయితే ఒకే తూటా, ఒకే డ్రాప్ చార్టు (ఏ దూరానికి బులెట్ ఎంత కిందికి దిగుతుందో చెప్పే పట్టిక). నన్నడిగితే .223 ఉన్నవాళ్ళకు నేను చెప్పే మొదటి సలహా ఇంకో .223. ఈ మాట వినగానే చాలామంది ముఖం చిన్నబుచ్చుకుంటారు. కొత్తది కొన్న సరదా అందులో లేదు మరి.

అపోహ: "వేగం ఎక్కువైతే గాలి గురించి బెంగ అక్కర్లేదు."

1935లోనే .220 స్విఫ్ట్ 48 గ్రెయిన్ల బులెట్‌తో సెకనుకు 4,110 అడుగులు అందుకుంది. 2004లో .204 రూగర్ 32 గ్రెయిన్లతో 4,225 అంది. రెండూ మంచి తూటాలే, వంక పెట్టను. కాకపోతే ఆ అంకెలు బ్యారెల్ మూతి దగ్గరివి. తేలికపాటి బులెట్ ఆ వేగాన్ని అంతే త్వరగా పోగొట్టుకుంటుంది. వయోమింగ్ మైదానాల్లో మధ్యాహ్నం దాటాక లేచే గాలిలో కాస్త బరువైన, పొడవైన బులెట్ ఎక్కువసేపు నిలబడుతుంది.

ఇక్కడే ట్విస్ట్ సంగతి వస్తుంది, అంటే బులెట్‌ని తిప్పే బ్యారెల్ లోపలి గాడి ఎంత దూరానికి ఒక చుట్టు తిరుగుతుందన్నది. పాత .22-250 బ్యారెళ్ళు సాధారణంగా 14 అంగుళాలకు ఒక చుట్టు. 55 గ్రెయిన్ల దాకా బాగుంటాయి, 70 దాటిన పొడవాటి బులెట్లను నిలకడగా తిప్పలేవు. సీసం లేని రాగి బులెట్లు అదే బరువుకు ఇంకా పొడవుంటాయి. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకు సీసం నిషేధం. మిగతాచోట్ల కూడా, కాల్చి వదిలేసిన జంతువుల్లోని సీసం ముక్కలు గద్దల కడుపులోకి పోతున్నాయని రాగికి మారుతున్నవాళ్ళున్నారు. పొడవాటి బులెట్లకు తక్కువ దూరంలోనే చుట్టు తిరిగే బ్యారెల్ కావాలి. కొత్త బ్యారెల్ కొనడానికి నేను ఒప్పుకునే కారణాల్లో ఇదొకటి.

అపోహ: "కొత్త క్యాలిబర్ అంటే కొత్త రైఫిల్."

బోల్ట్ (తూటా వెనక మూసే కడ్డీ) మొహం చూసి మాట్లాడాలి. .222, .223, .204 మూడింటికీ తూటా అడుగు అంచు వ్యాసం ఒకటే, 0.378 అంగుళం. .22-250ది 0.473. అంటే .223ని .204గా మార్చాలంటే చాలావరకు బ్యారెల్ మారిస్తే చాలు. .22-250 కావాలంటే బోల్ట్ కూడా సరిపోవాలి. సావేజ్ రైఫిళ్ళలో బ్యారెల్‌ని ఒక నట్ బిగించి ఉంచుతుంది, బోల్ట్ తల కూడా ఊడి వస్తుంది. కాబట్టి గో, నో-గో గేజులతో (కొలత దిమ్మెలు) హెడ్‌స్పేస్, అంటే బోల్ట్‌కీ ఛాంబర్లో తూటా ఆనే చోటుకీ మధ్య దూరం, చూసుకోవడం తెలిసినవాళ్ళు ఇంట్లోనే మార్చుకుంటారు. తెలియకపోతే మాలాంటివాళ్ళకివ్వండి. గేజు లేకుండా అంచనాతో బిగించిన బ్యారెల్‌ని మాత్రం కాల్చొద్దు.

అపోహ: "సెకండ్‌హ్యాండే, కానీ కొత్తదానిలా ఉంది. పెద్దగా కాల్చలేదట."

చెక్క మెరుపు చూసి బ్యారెల్ వయసు చెప్పలేం. బోర్‌స్కోప్ (బ్యారెల్ లోపల చూసే సన్నటి పరికరం) పెట్టి ఛాంబర్ దాటిన మొదటి రెండు మూడు అంగుళాలు చూడండి. బాగా వేడి మీద కాల్చిన .22-250లోనో, స్విఫ్ట్‌లోనో అక్కడ ఉక్కు ఎండిన చెరువు అడుగులా నెర్రెలిచ్చి ఉంటుంది. రైఫ్లింగ్ గాడులు మొదలయ్యే చోట అంచులు కరిగిపోయినట్టుంటాయి. బయట ఒక్క గీత లేని రైఫిల్లో కూడా ఇది చూస్తుంటాం. ఎందుకంటే అక్కడ నష్టం చేసేది తూటాల లెక్క ఒక్కటే కాదు, ఎంత వేడి మీద కాల్చారన్నది కూడా. అమ్మేవాళ్ళు బోర్‌స్కోప్ వద్దంటే బేరం అక్కడితో ఆపేయండి. ఒప్పుకుని ధర తగ్గిస్తే, కొత్త బ్యారెల్ ఖర్చు కలుపుకుని లెక్కేసుకోండి.

అపోహ: "చిన్న క్యాలిబర్, చిన్న ఖర్చు."

తూటాలు సొంతంగా నింపుకునేవాళ్ళకు లెక్క తేలిక. పౌండు మందు అంటే 7,000 గ్రెయిన్లు. .22-250కి ఒక్కోదానికి 36 గ్రెయిన్ల చొప్పున పోస్తే 194 తూటాలు. .223కి 26 చొప్పున 269. .22 హార్నెట్‌కి 12 చొప్పున 583. రిమ్‌ఫైర్లను తిరిగి నింపుకోలేం, దుకాణంలో దొరికిందే గతి. .17 డబ్ల్యుఎస్‌ఎం లాంటి రిమ్‌ఫైర్లు కొన్నవాళ్ళు రైఫిల్ కన్నా తూటాల కోసమే ఎక్కువ తిరుగుతుంటారు. కొనేముందు మీ ఊళ్ళో రెండు మూడు దుకాణాల అరలు చూసి రండి.

అపోహ: ".223, 5.56 ఒకటే."

5.56 అంటే .223లాగే కనిపించే సైనిక తూటా. .223 అని గుర్తున్న ఛాంబర్లో 5.56 కాల్చొద్దు, ఒత్తిడి పెరుగుతుంది. 5.56 ఛాంబర్లో .223 కాల్చొచ్చు.

అపోహ: "ఇంత చిన్న బులెట్ ఎంత దూరం పోతుందిలే."

మామూలు .22 ఎల్‌ఆర్ రిమ్‌ఫైర్ తూటా కూడా మైలు దాటి పోగలదు. వెనక మట్టిగట్టు లేకపోతే ట్రిగ్గర్ ముట్టొద్దు. ఇంకో మాట, ప్రెయిరీ డాగ్‌లన్నీ ఒకటే కాదు. యూటా ప్రెయిరీ డాగ్ ఫెడరల్ రక్షణలో ఉంది. వేట మూసివేసే తేదీలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి.

అపోహ: "హెచ్-1బి మీదున్నా ఐడీ చూపిస్తే ఇచ్చేస్తారు" లేదా "హెచ్-1బి వాళ్ళకు అసలు ఇవ్వరు."

రెండూ తప్పే. హెచ్-1బి లాంటి నాన్‌ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీదున్నవాళ్ళు తుపాకీ కొనడాన్నే కాదు, దగ్గర పెట్టుకోవడాన్ని కూడా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు తీరితే మినహాయింపూ తీరినట్టే, రైఫిల్ మాత్రం బీరువాలో అలాగే ఉంటుంది. అసలు ప్రమాదం అదే. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు ఆ లైసెన్సు కోసం హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు ఈ వేట లైసెన్సు షరతు లేదు. "బావగారికి గ్రీన్‌కార్డుంది, డబ్బులు నేనిస్తా, ఆయన పేరు మీద రాయండి" అంటే తుపాకీ కొనేటప్పుడు నింపే ఫారం 4473లో అబద్ధం చెప్పించడమే, అది ఫెడరల్ నేరం. మేము మర్యాదగానే పంపించేస్తాం.

అపోహ: "అవసరం లేకపోతే కొనకూడదు."

ఇది మాత్రం నేనూ పాటించను. అవసరం అని పేరు పెట్టి నన్ను ఒప్పించాలని చూస్తేనే చిరాకు. నచ్చింది, కొనాలనుంది అంటే చాలు. 1930ల నాటి .22 హార్నెట్ మీద నాకు ఎప్పటినుంచో మనసుంది. నేను కాల్చేది రెండొందల గజాల లోపే, ఆ పనికి .223 నా దగ్గరుంది. హార్నెట్ ఇత్తడి మరీ పల్చన, తిరిగి నింపేటప్పుడు కాస్త ఏమరినా మెడ నలిగిపోతుంది. అయినా ఆ మెత్తటి చప్పుడు, చిటికెడు మందు నాకిష్టం. మంచి బ్యారెల్‌తో దొరికితే తీసుకుంటాను, కానీ ఇత్తడి ముందు కొని పెట్టుకున్నాకే.