చిట్టి అడిగినదానికి తాతయ్య జవాబు

చిట్టికీ, బుజ్జిగాడికీ, ఆదివారం వీడియో కాల్‌లో వెనకాల నిలబడి తొంగిచూసిన మీ స్నేహితులందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న చేప పట్టుకుని దిగిన ఫోటో పంపిస్తే బుజ్జిగాడు "ఎన్ని కేజీలు తాతయ్యా?" అన్నాడు, చిట్టి మాత్రం "గుడ్లు పెట్టడానికి వెళ్తోందని నువ్వే చెప్పావు కదా, మరి దాన్ని పట్టేయడం పాపం కాదా?" అంది. బుజ్జిగాడి ప్రశ్న తేలిక, అరకేజీ కూడా లేదు. చిట్టి ప్రశ్నకి మాత్రం నా నోట మాట రాక, సిగ్నల్ సరిగా లేదని ఫోన్ పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది. అందుకే ఈ ఉత్తరం. పొడుగు ఎక్కువైందనిపిస్తే రెండు రోజులు చదువుకోండి.

ముందు ఆ చేప సంగతి. దాని పేరు వైట్ బాస్. ఇక్కడ టెక్సాస్‌లో శాండ్ బాస్ అని, ముద్దుగా శాండీ అని అంటారు. జానెడు మీద ఇంకాస్త పొడుగు, వెండిలా మెరిసే ఒళ్లు, పక్కల మీద పెన్సిల్‌తో గీసినట్టు నల్లటి చారలు, పసుపు కలిసిన కన్ను. వీపు మీది ముందు రెక్క ముళ్లు విప్పిందంటే చెయ్యి జాగ్రత్త. పక్కనున్న ఓక్లహోమా వాళ్లయితే 1974లోనే దీన్ని తమ రాష్ట్ర చేపగా పెట్టుకున్నారు. ఇక్కడ మాత్రం దీన్ని చూసి ఎవరూ పుస్తెలు అమ్ముకోరు లెండి.

పులస కథ మీకు తెలిసిందే. సముద్రంలో ఉన్నంతకాలం ఇలస, వానాకాలంలో ఎర్రనీటికి ఎదురీది గోదాట్లోకి వచ్చాక పులస. ఈ శాండీ కథా అలాంటిదే, కాకపోతే ఇది సముద్రం మొహం చూడదు. దీనికి చెరువే సముద్రం. ఆస్టిన్‌కి వాయవ్యంగా లేక్ బుకానన్ అని పెద్ద జలాశయం ఉంది. 1930లలో కొలరాడో నదికి అడ్డంగా ఆనకట్ట కడితే నిలిచిన నీళ్లు అవి. (ఆ కొలరాడో నది వేరు పిల్లలూ, మీ పుస్తకంలో గ్రాండ్ కాన్యన్ బొమ్మ కింద ఉన్నది. ఇది టెక్సాస్‌లోనే పుట్టి టెక్సాస్‌లోనే సముద్రంలో కలుస్తుంది. నేను కూడా మొదట్లో గ్రాండ్ కాన్యన్ ఇంత దగ్గరా అని సంబరపడి మీ మావయ్య చేత నవ్వించుకున్నాను.) ఏడాదిలో ఎక్కువ కాలం ఈ చేపలు జలాశయంలో గుంపులు గుంపులుగా తిరుగుతూ షాడ్ అనే చిన్న చేపల్ని తింటాయి. ఆ షాడ్ మన పులసకి చుట్టం. అంటే చుట్టరికం ఏమైనా ఉంటే పులసకి శాండీతో కాదు, శాండీ పొట్టలోకి వెళ్లేదానితో!

చలికాలం చివర్లో వీటికి ఒక్కసారిగా నది గుర్తొస్తుంది. మగచేపలు ముందు బయల్దేరతాయి, ఒక్కోసారి ఆడవాటికంటే నెల రోజుల ముందే. పెళ్లికి మగపెళ్లివారు ముందే దిగి విడిదిలో కూర్చున్నట్టు, రాళ్లూ గులకా ఉన్న పారే నీళ్ల దగ్గర చేరి ఎదురుచూస్తాయి. నీళ్లు పన్నెండు, పదమూడు డిగ్రీలకి వెచ్చబడే సరికి ఆడచేపలు నిండు పొట్టలతో వస్తాయి. ఇక్కడి వాళ్లు థర్మామీటర్ కంటే ముందు ఒక చెట్టుని చూస్తారు. రెడ్‌బడ్ అంటారు. ఆకు ఒక్కటి లేకుండా కొమ్మ నిండా గులాబీ రంగు పూలే, మన మోదుగ చెట్టు పూసినట్టు, రంగు మాత్రం వేరు. అది పూసిందంటే నదిలో చేప ఎక్కిందన్నమాట. మా పక్కింటి పెద్దాయన ఇంటి ముందు ఒక రెడ్‌బడ్ ఉంది, ఫిబ్రవరి వచ్చిందంటే రోజూ పొద్దున్న కాఫీ కప్పుతో దాని కింద నిలబడి మొగ్గలు చూసుకుంటాడు. నాకు ఈ చేప వేట నేర్పింది ఆయనే.

మొదటి ఏడాది ఆయన మాట వినలేదు నేను. మీ మావయ్యకి సెలవు దొరికిందని ఏప్రిల్ చివర్లో రెండు గంటలు కారులో వెళ్లి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గాలం విసిరితే రెండు చెత్తకొమ్మలూ ఒక చెప్పూ దొరికాయి. చేపలు అప్పటికే పని ముగించుకుని వెనక్కి దిగిపోయాయి. ధవళేశ్వరంలో పుట్టి పెరిగినవాడిని, నాకు నేర్పేదేంటి అనుకున్నాను. మాఘమాసంలో పులస కోసం వల వేస్తానని ఎవడైనా అంటే మనం నవ్వమూ? నేను చేసింది అదే.

మేం వెళ్లే చోటు కొలరాడో బెండ్ స్టేట్ పార్క్, బుకానన్‌కి ఎగువన. స్టేట్ పార్కుల్లో ఒడ్డున నిలబడి పట్టుకునేవాళ్లకి లైసెన్సు అక్కర్లేదు, పార్కు టికెట్ కొంటే చాలు. పదిహేడేళ్లు నిండని పిల్లలకైతే ఎక్కడా అక్కర్లేదు. బయల్దేరే ముందు పెద్దాయన ఫోన్‌లో శాన్ సాబా దగ్గర నది ఎంత పారుతోందో చూస్తాడు. మరీ తక్కువైతే చేప పైకి రాలేదు, మరీ ఎక్కువైతే బురదనీళ్లలో చేపకి ఎర కనపడదు, మనకి ప్రాణభయం. ఎగువన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండలో నిలబడి ఉండగానే నీళ్లు పెరుగుతాయి. నడుం లోతు దిగొద్దని మీకు గోదారి గట్టు మీద చెప్పినట్టే నాకు ఆయన చెబుతాడు, ఈ వయసులో తిట్లు తినడం కూడా ఒక ముచ్చటే.

పట్టే పద్ధతి చెబుతాను. సన్నటి కర్ర, సన్నటి తీగ, చివర సీసం గుండు తలకి గుచ్చిన చిన్న రబ్బరు పురుగు. దాన్ని జిగ్ అంటారు. బరువు మూడు, నాలుగు గ్రాములు, తెలుపో, నిమ్మపండు రంగో. వానపాము, బెండు ఏమీ లేవు. నీళ్లకి అడ్డంగా, కాస్త ఎగువకి విసిరి, ప్రవాహమే దాన్ని లాక్కుపోయేలా వదిలి, తీగ వదులు కాకుండా మెల్లగా రీలు తిప్పాలి. జోరుగా పారే చోట కాదు, ఆ జోరు పక్కన నీళ్లు సుడి తిరిగి కాస్త ఊపిరి పీల్చుకునే చోట ఉంటుంది చేప. మీరు రైల్వే స్టేషన్లో జనం తోసుకుపోతుంటే స్తంభం వెనక నిలబడతారు చూడండి, అలాగన్నమాట. జిగ్ నేలకి తగలకుండా నేలకి దగ్గరగా వెళ్లాలి. తగిలితే రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది. నేను మొదటి రోజు పదకొండు జిగ్‌లు నదికి సమర్పించుకున్నాను. చేప లాగినప్పుడు "టక్" అని ఒక చిన్న దెబ్బ, అంతే, తర్వాత కర్ర వంగిపోతుంది. చిన్న చేపే కానీ ప్రవాహాన్ని అడ్డం పెట్టుకుని గుంజుతుంది.

మొదటి చేప ఒడ్డుకి వచ్చాక పట్టుకుంటే నా చేతిలో పాలలాంటిది కారింది. మగచేప. ఏదో జబ్బు చేపేమో అనుకున్నాను. పెద్దాయన నవ్వి, ఇది పెళ్లికి సిద్ధమై వచ్చింది అన్నాడు. తర్వాత జేబులోంచి ఒక మడత స్కేలు తీసి నేల మీద పెట్టాడు. చేపని దాని మీద పక్కకి పడుకోబెట్టి, నోరు మూసి, తోక రెండు కొనలూ వేళ్లతో దగ్గరికి నొక్కి కొలిచాడు. తొమ్మిదిన్నర అంగుళాలు. పది లేకపోతే ఉంచుకోకూడదు. "అర అంగుళమే కదా" అన్నాను. ఆయన ఏమీ అనలేదు, స్కేలు నా వైపు తిప్పి చూపించాడు. మూడు గంటలు నిలబడి పట్టిన మొదటి చేప, నా చేతుల్తో నేనే నీళ్లలో వదిలాను. చుట్టుపక్కల ఎవరూ లేరు, పోలీసు లేడు, ఆ నది ఒడ్డున మేమిద్దరమే. ఒక మనిషికి రోజుకి ఇరవై అయిదు చేపలు, అంతకు మించి ఉంచుకోకూడదు, అదీ లెక్క. స్ట్రైప్డ్ బాస్ అని ఇంకో చేప కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది, దాని కొలత వేరు, లెక్క వేరు. అందుకని అనుమానం వస్తే నోట్లో వేలు పెట్టి నాలుక తడిమి చూస్తారు. శాండీ నాలుక మీద గరుకు మచ్చ ఒకటే, రెండో దానికి రెండు.

ఇక చిట్టి ప్రశ్న. పాపమా కాదా?

ఆడచేప నీటి పైకి వస్తే చుట్టూ నాలుగైదు మగచేపలు మూగుతాయి, నీళ్లు ఉడుకుతున్నట్టు కనిపిస్తాయి. గుడ్లు అక్కడే వదిలేస్తుంది. గూడు లేదు, కాపలా లేదు. అవి జిగురుగా ఉండి గులకరాళ్లకి అతుక్కుని రెండు మూడు రోజుల్లో పిల్లలవుతాయి. పెద్ద ఆడచేప ఒక్కటి ఒక సీజన్లో దాదాపు పది లక్షల దాకా గుడ్లు పెట్టగలదు. టెక్సాస్‌లో ఈ చేపలు నాలుగేళ్లు దాటి బతకడం అరుదు. అంటే నేను వదిలినా ఇందులో చాలా చేపలు ఇంకో రెడ్‌బడ్ పూతని చూడవు. ఈ జాతి నిలబడేది ఒక్కో చేప ఎన్నేళ్లు బతికిందన్నదాని మీద కాదు, ఆ ఏడు నదిలో సరిపడా నీళ్లు పారాయా లేదా అన్నదాని మీద. 2011లో టెక్సాస్‌లో ఘోరమైన కరువొచ్చింది. ఆ కరువు ఏళ్లలో నది చేపలు ఎక్కేలా లేదని పెద్దాయన ఇప్పటికీ చెబుతాడు. గాలాలు ఎక్కువై కాదమ్మా, నీళ్లు లేక.

ఇంకో సంగతి నన్ను చాలా రోజులు తొలిచింది. ఈ శాండీ టెక్సాస్‌లో మొదట్నుంచీ ఉన్నది ఒక్క రెడ్ రివర్ వైపే. మిగతా చోట్ల మనుషులు తెచ్చి వదిలారు. చెరువూ మనుషులు కట్టిందే, చేపా మనుషులు వేసిందే, అయినా ఆ చేప ఎవరూ చెప్పకుండానే నదిని వెతుక్కుంటూ వెళ్తోంది. ఇక్కడ ఆనకట్ట చేపకి ఇల్లయ్యింది. మన ఊళ్లో? కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాడు, మన డెల్టా అన్నం తింటోందంటే ఆయన చలవే, మా నాన్న ఆయన బొమ్మకి దణ్ణం పెట్టేవాడు, నేనూ పెడతాను. కానీ పులసకి అది గోడ. సముద్రం నుంచి అంత దూరం ఈదుకొచ్చి ఆ గోడ దగ్గర ఆగితే, కింద వలలు. మా చిన్నప్పుడు మేం చేసిందీ అదే. మా అమ్మ జన, అంటే చేప గుడ్లు, వేపుడు చేస్తే నేనూ మీ పెదతాతయ్యా కంచం దగ్గర కొట్టుకునేవాళ్లం, ఆ జన ఎందుకొచ్చిందో ఒక్కసారీ ఆలోచించలేదు. అంత ఖరీదైన పులస దగ్గర ఎవరూ స్కేలు తీయడం నేను చూడలేదు, తక్కెడ తీయడమే చూశాను.

కాబట్టి చిట్టీ, పట్టడం పాపమని నేను అనుకోవట్లేదు, కొలవకుండా పట్టడం తప్పని మాత్రం ఇక్కడికొచ్చాక తెలిసింది. అయినా నిండు పొట్టతో ఉన్న ఆడచేప వస్తే నేను వదిలేస్తున్నాను. పెద్దాయన నవ్వుతాడు, ఇరవై అయిదులో అదీ ఒకటి, ఉంచుకో అంటాడు. లెక్క ప్రకారం ఆయన మాటే సరైనది. నాకు మాత్రం మా అమ్మ జన వేపుడు గుర్తొస్తుంది, చెయ్యి ఆడదు.

ఇంటికి తెచ్చినవి ఎప్పుడూ ఆరేడుకి మించవు, ఎందుకంటే శుభ్రం చేసేది నేనే. పట్టిన వెంటనే ఐసులో పెట్టాలి, లేకపోతే మాంసం మెత్తబడిపోతుంది. కండ తీశాక పక్కన ఎర్రటి చార ఒకటి ఉంటుంది, దాన్ని కోసి పారేయాలి, నీచు వాసనంతా అందులోనే. మీ అమ్మమ్మ మొదటిసారి ఆ చార తీయకుండా చింతపండు పులుసు పెట్టి, "ఇదేనా మీరు మూడు గంటలు నిలబడి పట్టింది" అని రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఇప్పుడు అల్లం వెల్లుల్లి, కారం, నిమ్మరసం పట్టించి వేపుడే చేస్తోంది. మీ మావయ్య పిల్లలు ప్లేటు ఖాళీ చేసేస్తారు. పులుసుకి మాత్రం ఇది పులస కాళ్ల దగ్గరికి కూడా రాదు, ఆ విషయంలో మీ అమ్మమ్మతో వాదించే ధైర్యం నాకు లేదు.

మీకో పని. శ్రావణంలో ఓ ఆదివారం మీ నాన్నతో పులసలు అమ్మే చోటికి వెళ్లండి. కొనక్కర్లేదు, ఆ ధర వింటే మీ నాన్నకి కళ్లు తిరుగుతాయి. అమ్మే ఆవిడని బతిమాలి ఒక చేపని కొలవండి, నోరు మూసి, తోక దగ్గరికి నొక్కి. పొట్టలో జన ఉందో లేదో అడగండి. ఎన్ని అంగుళాలో నాకు రాయండి. బుజ్జిగాడు బరువు కూడా రాయొచ్చు.

ఇట్లు,
మీ తాతయ్య