"చలికి చచ్చిపోయాయండీ" అనే ముందు పెట్టె ఎత్తి చూడండి

చలికాలం చివర్లో నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకే మాటతో మొదలవుతాయి: "చలికి పెట్టెలో తేనెటీగలన్నీ చచ్చిపోయాయండీ." చచ్చిన ఈగల తలలు ఎటున్నాయని అడుగుతాను. కాసేపటికి జవాబొస్తుంది: "తేనెపట్టు గదుల్లోకి దూరి ఉన్నాయి, వెనక భాగాలే కనిపిస్తున్నాయి." అంటే ఆకలితో పోయాయి. అడుగున చుక్కైనా దొరుకుతుందేమోనని తల దూర్చి, అలాగే ఆగిపోయాయి.

అపోహ: ఈగలను చంపేది చలి.

వాస్తవం: ఈగలు నిండుగా, ఆరోగ్యంగా ఉన్న కాలనీ గడ్డకట్టే చలినైనా తట్టుకుంటుంది. రాణిని నడుమ పెట్టుకుని గుత్తిగా చేరి, రెక్కలు ఆడించకుండానే రెక్కల కండరాలను వణికించి వేడి పుట్టిస్తాయి. బ్రూడ్ (పెరుగుతున్న పిల్లలు) ఉంటే గుత్తి నడుమ 34, 35 డిగ్రీలుంటుంది. ఆ పొయ్యికి కట్టెలు తేనే. కట్టెలన్నీ మనం మోసుకుపోయి, పెట్టెకు దుప్పటి కప్పితే ఏం లాభం?

అందుకే తేనె తీసే రోజు ఎంత తీయాలో కాదు, ఎంత ఉంచాలో ముందు లెక్కేసుకోండి. చలి గట్టిగా, నెలల తరబడి ఉండే చోట మెల్లిఫెరా (పెట్టెల్లో పెంచే యూరోపియన్ తేనెటీగ) కాలనీకి 25 నుంచి 40 కిలోలు కావాలి. చలి తక్కువైన చోట 10, 15 కిలోలతో గడిచిపోవచ్చు. గదులన్నీ నిండి మైనంతో మూతేసిన పెద్ద ఫ్రేములో (తేనెపట్టు ఉండే చట్రం) రెండువైపులా కలిపి రెండున్నర, మూడు కిలోలుంటుంది. పెట్టె విప్పకుండా అంచనా కావాలంటే వెనకవైపు పట్టుకుని రెండంగుళాలు లేపండి. నేలకు మేకులు కొట్టినట్టుంటే నిశ్చింతగా ఉండొచ్చు. సులువుగా లేస్తే మాత్రం ఆ రోజే మేత పెట్టండి.

నా మొదటి కాలనీని నేనే చంపుకున్నాను. సూపర్ (తేనె కోసం పైన పెట్టే అర) మొత్తం తీసేశాను, కింద బోలెడుంటుందిలే అనుకుని చూడనైనా లేదు. తీరా చలి ముదిరాక భయమేసి చక్కెర పాకం పోశాను. ఎండ కాసిన రోజు మూత తీస్తే పాకం పోసింది పోసినట్టే ఉంది. పది డిగ్రీల లోపు చలిలో ఈగలు పాకం ముట్టవని అప్పుడు నాకు తెలియదు. చాలదన్నట్టు చలిగాలి దూరకూడదని కన్నాలన్నీ గుడ్డలతో కుక్కేశాను. ఈగల ఊపిరిలోని ఆవిరి మూతకింద నీరై గుత్తి మీదే కారింది, ఫ్రేములకు బూజు పట్టింది. పొడి చలి కంటే ఆ తడి ప్రమాదం.

కాబట్టి పాకం చలి ముదరక ముందే పెట్టండి, తూకంలో రెండు పాళ్లు చక్కెరకు ఒక పాలు నీళ్లు. ఆలస్యమైతే గుత్తికి పైన పొడి చక్కెర. పైన ఆవిరి పోయే చిన్న సందు ఉంచండి, కింద ద్వారం ఎలుక దూరకుండా తగ్గించండి. రాణి జాలీ (రాణిని పై అరలోకి రానివ్వని జాలీ) తీసేయండి. తేనె వెంట గుత్తి పైకి జరిగితే జాలీ కింద రాణి ఒంటరిగా మిగిలిపోతుంది.

ఇంకొకటి, వరోవా, అంటే తేనెటీగలను పట్టే చిన్న పురుగు. చలికాలాన్ని దాటించేది ఆ ముందు పుట్టిన ఈగలే. వేసవి ఈగ ఆరు వారాలు బతికితే ఇవి నెలల తరబడి బతకాలి. పిల్లదశలోనే పురుగు పట్టిన ఈగలను ఎంత తేనె ఉంచినా కాపాడలేం. తేనె తీసిన వెంటనే పురుగుల్ని లెక్కపెట్టి, ఎక్కువుంటే మందు వేయండి. సూపర్ ఉండగా చాలా మందులు వాడకూడదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఫ్రేము నిండితే తేనె పండినట్టేనా? కాదు. ముప్పాతిక పైగా మైనం మూత పడాలి. మూత లేనిచోట ఫ్రేమును అడ్డంగా పట్టుకుని ఒక్క ఝాడింపు ఇవ్వండి, చినుకులు రాలితే అది ఇంకా మకరందమే. రిఫ్రాక్టోమీటర్ ఉంటే తేమ 18 శాతం లోపు చూసుకోండి, 20 దాటితే పులుస్తుంది. గడ్డకట్టిన తేనె కల్తీదనే పుకారుకు జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. అది గ్లూకోజ్ పేరుకోవడమే, గోరువెచ్చని నీళ్లలో సీసా పెట్టండి.

"చిన్న ఈగలు పెద్దవాటిని ఈడ్చి బయట పడేస్తున్నాయి, ఏ రోగమో" అని టెన్షన్ పడే వాళ్లను మాత్రం విసుక్కోలేను, చూడ్డానికి భయంగానే ఉంటుంది. అవి పోతుటీగలు. చలికాలంలో వాటితో పనిలేదు, కూర్చోబెట్టి మేపేంత తేనె ఉండదు. మొన్నొకావిడ జాలిపడి వాటిని ఏరి మళ్లీ లోపల వేశారట. పావుగంటలో అన్నీ గడప బయటే.